నాన్నగారి కేసెట్ల పెట్టె: నెట్‌లో పెట్టవచ్చా?

అడిగినవారు: కాలువగట్టు

మాది అమలాపురం. 1985 నుంచి 2003 దాకా మా నాన్నగారికి గడియార స్తంభం దగ్గర చిన్న రికార్డింగ్ షాపు ఉండేది. నలభై దాటినవారికి చెప్పనక్కర్లేదు, మిగతావారి కోసం చెబుతున్నాను. జనం సిగరెట్ పెట్టె అట్ట వెనక పన్నెండు పాటల పేర్లు రాసుకుని వచ్చేవారు. నాన్నగారు వాటిని ఖాళీ కేసెట్‌లోకి ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవారు. అరవై నిమిషాల కేసెట్ అయితే ఒక్కో వైపు ఆరు పాటలు, ఇరికిస్తే ఏడు. ఏడోది చరణం మధ్యలో తెగితే ఊరుకునేవారు కాదు, పాట మార్చి మళ్లీ మొదటినుంచి ఎక్కించేవారు. ఎవరైనా తొంభై నిమిషాలది అడిగితే "టేపు పలచన, చుట్టుకుపోతుంది" అని వారించేవారు. అంత నిజాయితీ. ఆ పాటలు చేసినవారికి మాత్రం ఒక్క పైసా వెళ్లలేదు. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

మొన్న వచ్చింది. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. శుక్రవారం విడుదలైన సినిమాను శనివారం రాత్రి ఫోనులో చూస్తున్నాడు. బొమ్మకు అడ్డంగా ఎవరిదో తల వెళ్లింది, చుట్టూ ఈలలు. "దొంగ సరుకు ఇంట్లోకి తేకు" అన్నాను. వాడు తల ఎత్తకుండానే "తాతయ్య చేసింది ఇదే కదా నాన్నా" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా డిగ్రీ ఫీజు ఆ షాపు గల్లాపెట్టె నుంచే వచ్చింది మరి.

అటక మీది పెట్టె దించాను. 210 కేసెట్లు. కోనసీమ తేమకు సగం బూజు పట్టాయి. సినిమా పాటలు పోను, నలభై దాకా వేరే రకానివి: తీర్థాలకు ఊళ్లలో వేసిన పద్య నాటకాలు, హరికథలు, బుర్రకథలు. నాన్నగారు మైకు సెట్టు అతనికి టీ డబ్బులిచ్చి, వేదిక పక్కన టేపు డెక్కు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుని ఎక్కించినవి. ఒకటి తుడిచి విన్నాను. 1997 శివరాత్రి, రాయబారం సీను. పద్యం చివర రాగం తీస్తుంటే వెనక జనరేటర్ మోత, ఎవరో "వన్స్‌మోర్" అని అరిచారు. మళ్లీ అదే పద్యం, ఈసారి రాగం ఇంకాస్త పొడుగు. నాన్నగారు టేపు తిప్పడానికి లేచినట్టున్నారు, ఆయన దగ్గు వినబడింది.

ఆయన పోయి నాలుగేళ్లు. ఈ నాటకాలను యూట్యూబ్‌లో పెడదామని ఉంది. చట్టం ఏమంటుంది, మీరేమంటారు? రెండూ చెప్పండి.

జవాబు: బొబ్బర్లంక

ఇంత ఆలోచన ఎందుకండీ? పెట్టేయండి. ఎవరైనా అభ్యంతరం చెబితే అప్పుడు తీసేయవచ్చు. మీరు చట్టం చదివేదాకా బూజు ఆగదు.

జవాబు: కాకినాడ ప్లీడరు

బొబ్బర్లంక వారూ, పొరుగువారి చెట్టుకు కాయలు దింపించి, అడిగితే తిరిగి ఇచ్చేస్తానన్నట్టుంది మీ సలహా.

కాలువగట్టు గారూ, ముందు చేదు మాట. కాపీరైట్ చట్టం 1957 నాటిది. పైరసీ పెరిగిందని 1984లో శిక్ష పెంచారు: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. మీ నాన్నగారు షాపు తెరిచేనాటికే అది నేరం. నొచ్చుకోకండి, నేనూ అట్ట మీద పాటలు రాసుకుని వెళ్లినవాడినే. ఇక మీ అబ్బాయి చూసిన సినిమా. హాల్లో కెమెరా పెట్టి దాన్ని తీసినవాడికి, సినిమాటోగ్రాఫ్ చట్టం అని సినిమాలకు వేరే ఉంది, దాని 2023 సవరణ ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, 3 లక్షలకు తగ్గని జరిమానా. అది నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పెరగవచ్చు.

నాటకాల సంగతి వేరు. ఒక్క టేపులో మూడు హక్కులుంటాయి: పద్యం రాసినవారిది, పాడినవారిది, రికార్డు చేసినవారిది. రాయబారం తిరుపతి వేంకట కవులదైతే మొదటి చిక్కు లేదు. కవి పోయాక 60 ఏళ్లు, ఇద్దరు కలిసి రాస్తే చివర పోయినవారి నుంచి లెక్క. తిరుపతి శాస్త్రి 1920లో, మన కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 1950లో పోయారు. 2010తో గడువు తీరింది. రికార్డు చేసిన హక్కు, చొరవ తీసుకుని చేసినవారిది, అంటే మీ నాన్నగారిది. మిగిలింది పాడినవారి హక్కు. ప్రదర్శన జరిగిన ఏడాది ముగిశాక 50 ఏళ్లు, అంటే మీ శివరాత్రి పద్యానికి 2047 చివరిదాకా. అందరి ఎదుటా డెక్కు పెట్టారు కనుక రికార్డుకు ఒప్పుకున్నారని వాదించవచ్చు. నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారని వాదించలేం. నటుడినీ హార్మోనిస్టునూ అడగండి, కాగితం మీద రాయించుకోండి.

సినిమా పాటల జోలికి మాత్రం వెళ్లకండి, పాతవైనా సరే. 1957 నాటి మాయాబజార్ చూడండి. సినిమా మీది హక్కు 60 ఏళ్లకు, 2017తో తీరిపోయింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కనుక సాహిత్యం మీది హక్కు 2031 దాకా ఉంది.

జవాబు: నరసాపురం రేవు

మా నాన్న పద్య నటుడు. 81 ఏళ్లు. ఆ రోజుల్లో రాత్రికి ఇంత అని మాట్లాడుకుని వెళ్లేవారు. కేసెట్లు వచ్చాక ఒక ఊరి కమిటీవారు "ఈ ఏడు మీరు రానక్కర్లేదు, కేసెట్ వేసుకుంటాం" అన్నారు. రెండు నెలలు ఆ మాట తలుచుకుని మండిపడ్డారు. తర్వాత ఆచంటలో టీ కొట్టు దగ్గర ఆయన గొంతు కేసెట్‌లో విని మరో ఊరివారు వెతుక్కుంటూ వచ్చారు. ఆ కేసెట్ చేసినవారి మీద కోపమో కృతజ్ఞతో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు.

మీ ప్రశ్న చదివి వినిపించాను. హక్కులు, జరిమానాలు ఏవీ పట్టించుకోలేదు. "ఆ రాత్రి గొంతు ఎలా ఉందట?" అని అడిగారు. బాగాలేనిది పెడితే ఒప్పుకోరు, అది చెప్పమన్నారు. అడిగితే కాదనే నటులు తక్కువండీ. అడగకుండా పెడితే మాత్రం మా నాన్న ఊరుకోరు.

మళ్లీ కాలువగట్టు

ప్లీడరు గారికి, నరసాపురం అమ్మకు నమస్కారాలు. కేసెట్ల లోపలి అట్టలు ఒక్కొక్కటీ తీసి చూశాను. ఆకుపచ్చ సిరాతో ఊరు, సీను, నటుల పేర్లు రాసుకున్నారు నాన్నగారు. శివరాత్రి దాని మీద ఇంకో వాక్యం ఉంది: "కృష్ణుడికి మొదట జీర, రెండు దాటాక తేనె." అమ్మా, ఆ కృష్ణుడు మీ నాన్నగారు కారు, పేరు వేరు. కానీ మరో రెండు అట్టల మీద నరసాపురం అని ఉంది. మీకు విడిగా రాస్తాను.

తొమ్మిదింటి మీద పేర్లు లేవు, "భీమవరం పార్టీ" అని మాత్రమే ఉంది. అవి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచుతాను, బయట పెట్టను. పేర్లున్నవారికి ఫోన్లు చేసే పని మా అబ్బాయికి అప్పగించాను. మొదటి ఫోనులోనే అవతలివారు నలభై నిమిషాలు వదల్లేదు, వాడు నిలబడే విన్నాడు.

డెక్కుకు బెల్టు సాగిపోయింది, పద్యం నీరసంగా లాగుతోంది. రాజమహేంద్రవరంలో గాని, తణుకులో గాని బెల్టు మార్చేవారు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పగలరు.