సొంత అనుభవం రాయమంటే ఇంటి గుట్టు రాయమన్నట్టేనా?

ఓరుగల్లు_పంతులమ్మ:
హనుమకొండ దగ్గర తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తాను. ‘మరచిపోలేని అనుభవం’ రాయమంటే సగం మంది మేడారం జాతరకు పోయొచ్చారు. అందరూ జంపన్నవాగులో స్నానం చేశారు, అందరికీ ఒళ్లు పులకరించింది. అంతా గైడు పుణ్యం. ఒక్క అబ్బాయి మాత్రం వాళ్ల నాన్న తాగొచ్చి అమ్మను కొట్టిన రాత్రి గురించి రాశాడు. స్టాఫ్ రూంలో చెప్తే “ఇసొంటివి రాయించకండి మేడం, తల్లిదండ్రులు మీదికొస్తరు” అన్నారు. రాయించాలా, వద్దా?

కోటగుమ్మం:
వద్దమ్మా. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని ఊరికే అనలేదు. పద్నాలుగేళ్లవాడికి ఏది చెప్పాలో, ఏది దాచాలో తెలుస్తుందా? పైగా దానికి ఎఫ్ఏ మార్కులు, అంటే బళ్లో మనమే వేసే మార్కులు. ఎవరి కష్టం పెద్దదైతే వాళ్లకు ఐదుకు ఐదని పిల్లలు ఇట్టే పసిగడతారు. వచ్చేసారి బతికున్న తాతను చంపేసి మరీ రాస్తారు.

చపాటమిర్చి:
తాత సంగతి నిజమే సార్, నవ్వాగలేదు. కానీ తప్పు ప్రశ్నలో ఉంది. ‘మరచిపోలేని’ అనగానే పిల్లలు చావో జాతరో వెతుక్కుంటారు. నేను ఒక్క గంట గురించే అడుగుతాను. మా నర్సంపేట వైపు పిల్లలు మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటారు. ఒకమ్మాయి మొదట ‘మా నాన్న చాలా కష్టపడతాడు’ అని రాసి ఆపేసింది. ఆ పొద్దు నాన్న చేతులు ఏం చేస్తున్నయి అని అడిగాను. అప్పుడు రాసింది: తేజ రకం మిర్చి ఘాటుకు చున్నీ ముక్కుకు కట్టుకుని బస్తాల మీదే పడుకున్నారట. పొద్దున ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి చూసి, అన్నీ కింద పడేసి పక్క రాశికి పోయాడట. నాన్న వంగి ఆ కాయలన్నీ ఏరి మళ్లీ బస్తాలో వేశాడట. ధర ఊసే లేదు, ఏడుపు అసలే లేదు. ఇందులో ఏ గుట్టు బయటపడింది?

ఇంకోటి, ‘పండుకున్నం’ అని రాస్తే నేను దిద్దను. కాళోజీ జయంతి అని సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం, పదో తారీఖు ఎర్ర పెన్ను తీస్తాం.

వడ్డేపల్లి_కట్ట:
కోర్టు పని చేసేవాణ్ని కాబట్టి ఒక మాట. ‘ఎవరికీ చెప్పను, ధైర్యంగా రాయండి’ అని పిల్లలకు మాటివ్వకండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. దాచితే కేసు మీ మీదే. తాగి కొట్టడం ఆ చట్టం కిందికి రాదు గానీ, పిల్లాడికి ప్రమాదమనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

ఓరుగల్లు_పంతులమ్మ:
ఇది బీఈడీలో ఎవరూ చెప్పలేదు. సరే, రాసే ముందే ఈ సంగతి పిల్లలకు చెప్తాను. క్లాసులో చదవొద్దనుకున్నవాళ్లు పేజీ మడిచి ఇస్తారు, అది నేనొక్కదాన్నే చదువుతాను.

కోటగుమ్మం:
మడిచిన పేజీకి మార్కులెన్ని? సున్నా వేస్తే ఎవరూ మడవరు, ఐదు వేస్తే అందరూ మడుస్తారు.

ఓరుగల్లు_పంతులమ్మ:
దేనికీ వేయను సార్. ఎఫ్ఏకు వేరే రాతపని ఉంది. ఈ నోటుబుక్కు వేరు. హెచ్చెం అడిగితే చూపిస్తా, మడిచినవి తప్ప.

కోటగుమ్మం:
హెచ్చెంగా రిటైరైనవాణ్ని తల్లీ. ముందు మడిచినవే అడుగుతాం.