బ్రూస్ లీ నడుము దెబ్బ మనకు నేర్పేది పట్టుదలా, ఆగడమా?

హన్మకొండ కుర్రాడు:
మా జిమ్ గోడ మీద పెద్ద బ్రూస్ లీ బొమ్మ ఉంది. కింద “ఇక తన్నలేవన్నారు. ఆయన వినలేదు” అని రాసుంటుంది. రెండు నెలల కింద డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పైకెత్తడం) చేస్తుంటే నా నడుం పట్టేసింది. డిస్క్ ఉబ్బిందన్నారు, బరువులు ముట్టొద్దన్నారు. మా ట్రైనర్ మాత్రం ఆ బొమ్మ చూపించి “ఆయన ఆగాడా?” అంటున్నడు. చిన్నప్పటి నుంచి నాకు బ్రూస్ లీ అంటే ప్రాణం. నిజంగా ఆయన ఆగలేదా?

కాజీపేట మాస్టర్:
తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా కరాటే నేర్పుతున్న. పట్టుదల లేకపోతే బ్రూస్ లీ లేడు. ‘గ్రీన్ హార్నెట్’ సీరియల్‌లో కేటో అనే డ్రైవరు పాత్ర చేశాడు. 1967లో అది ఆగిపోయాక హాలీవుడ్‌లో చెప్పుకోదగ్గ వేషమే దొరకలేదు. దాని మీద 1970లో నడుము దెబ్బ. తన విజిటింగ్ కార్డు వెనక ‘వాక్ ఆన్’, అంటే ‘నడుస్తూనే ఉండు’ అని రాసుకుని ఎదురుగా పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి హాంకాంగ్‌లో ‘బిగ్ బాస్’ సినిమాతో జనాన్ని ఊపేశాడు. మంచం మీదే ఉండిపోతే ఇదంతా జరిగేదా?

ఫిజియో అక్క:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, మంచం మీద ఉన్నాడు కాబట్టే జరిగింది. అసలు దెబ్బ ఎలా తగిలిందో కూడా చెప్పాలి కదా. వార్మప్ చేయకుండా దాదాపు 60 కిలోల బార్‌బెల్ భుజాల మీద పెట్టుకుని, నడుం వంచి లేచే వ్యాయామం చేశాడు. దాన్నే గుడ్ మార్నింగ్ అంటారు. నడుము కింది భాగంలో నరం దెబ్బతింది. అంత శరీరజ్ఞానం ఉన్న మనిషి కూడా ఒక్క పొద్దున తొందరపడ్డాడు.

తర్వాత నెలల తరబడి పడుకున్నాడు. ఊరికే పడుకోలేదు, చదివాడు, పోరాట పద్ధతుల గురించి కట్టలు కట్టలుగా నోట్సు రాశాడు. ఆయన పోయాక 1975లో పుస్తకంగా వచ్చిన ‘టావ్ ఆఫ్ జీత్ కునే దో’లో చాలా భాగం ఆ రాతలదే. జీత్ కునే దో అంటే ఆయన సొంత పోరాట పద్ధతి. మళ్లీ తన్నాడు, నిజమే. కానీ నొప్పి ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ఆ సంగతి ఏ గోడ మీదా రాయరు. నా దగ్గరికి ఇరవై రెండేళ్ల పిల్లలు నడుం పట్టుకుని వస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

వైజాగ్ వాణి:
ఆయన భార్య లిండా గురించి ఎవరూ మాట్లాడరేం? అప్పటికి బాబుకు ఐదేళ్లు, పాపకు ఏడాది దాటింది. ఆయన మంచంలో ఉంటే ఉద్యోగానికి వెళ్లి ఇల్లు నెట్టుకొచ్చింది ఆమె. ఆ నోట్సు పుస్తకంగా బయటికి వచ్చిందీ ఆమె వల్లే. నాకైతే ఈ కథలో ముందు ఆమే కనిపిస్తుంది.

నల్గొండ రవ్వ:
1973 మే నెలలో డబ్బింగ్ చెప్తూ కుప్పకూలాడు. జులై 20న, 32 ఏళ్లకే పోయాడు. ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదలకు నెల ముందు. ఒంటిని అరగదీసుకుంటే అంతే మరి.

కాజీపేట మాస్టర్:
రవ్వ గారూ, ఆ మాట మాత్రం ఒప్పుకోను. మెదడు వాపుతో పోయాడు. ఆ వాపు ఎందుకొచ్చిందన్నది నేటికీ తెగని వాదన. దాన్ని మన పాఠానికి వాడుకోవద్దు.

అక్కా, వార్మప్ సంగతి నేను ముందే చెప్పాల్సింది. నా క్లాసులో వార్మప్ ఎగ్గొట్టిన పిల్లల్ని బయట నిలబెడతా, ఇక్కడ మాత్రం మర్చిపోయా. అయినా ఒకటి మిగులుతుంది. నెలలు పడుకున్నవాళ్లు ఎంతోమంది, లేచాక అలా తన్నినవాళ్లు ఎందరు? దాన్ని పట్టుదల అనకుండా ఏమనాలి?

ఫిజియో అక్క:
పట్టుదలే మాస్టారూ. పడుకోవడానికి కూడా అది కావాలంటున్నా. బరువెత్తడం కన్నా, ఎత్తకుండా కూర్చోవడం ఈ వయసు పిల్లలకు కష్టం.

హన్మకొండ కుర్రాడు:
ట్రైనర్‌కు ఇవాళ చెప్పేశా, డాక్టరు సరేననేదాకా రానని. కానీ అక్కా, పొద్దున్నే ఐదుకు మెలకువ వచ్చేస్తుంది. ఏం చేయాలో తోచట్లేదు.

కాజీపేట మాస్టర్:
ఆదివారం ఆరింటికి మా క్లాసుకు రా. ఒళ్లు వంచే పనేదీ చేయించను. కుర్చీ వేయిస్తా, ఒక నోట్‌బుక్ తెచ్చుకో. పిల్లలు కటా (కరాటేలో వరసగా చేసే అడుగులు, దెబ్బలు) చేస్తుంటే ఎవరి అడుగు ఎక్కడ తప్పుతుందో రాసి చూపించు.