క్యాటకిజం పీరియడ్‌లో పిల్లల్ని రెండుగా విడదీయాలా?

గుంటూరు_టీచర్:
మాది సిస్టర్లు నడిపే కథోలిక హైస్కూలు. నేను సోషల్ చెప్తాను, ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. మా బడిలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. వారానికి రెండుసార్లు బెల్ కొట్టగానే కథోలిక పిల్లలు లేచి క్యాటకిజంకి, అంటే తమ మతబోధ క్లాసుకి వెళ్తారు. మిగిలినవాళ్ళకి అదే గదిలో మోరల్ సైన్స్. వెళ్ళేవాళ్ళు పదిమంది లోపే, మిగిలేది నలభై పైచిలుకు. జూన్ టైమ్‌టేబుల్‌లో దీన్ని మార్చాలా వద్దా అని హెచ్‌ఎం సిస్టర్ స్టాఫ్‌ని అడిగారు. అందరికీ కలిపి ఒకే వ్యాల్యూ ఎడ్యుకేషన్ పెట్టి, క్యాటకిజం బడి వేళల తర్వాత చెబుదామని కొందరు అంటున్నారు. క్యాటకిజమే టైమ్‌టేబుల్‌లో లేకపోతే గేటు మీద పునీతుల పేరెందుకని ఇంకొందరు. నేను కథోలిక్‌నే, అయినా ఈ విడదీయడం నాకు నచ్చదు. వాదనతో పాటు క్లాసులో చేయదగ్గ పనులు కూడా చెప్పండి.

విచారణ_ఉపదేశి:
మేడమ్, మార్చకండి. మీరు టౌన్‌లో ఉన్నారు. మా విచారణలో (పారిష్‌లో) గురువు, అంటే ఫాదర్, ఒక్కరే, చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ ఆయనే చూసుకోవాలి. కొన్ని ఊళ్ళకి దివ్యబలి పూజ నెలకి రెండు ఆదివారాలే దొరుకుతుంది. పూజ అయ్యాక పిల్లల్ని క్యాటకిజంకి కూర్చోమంటే టిఫిన్ తినలేదంటారు, ట్యూషన్ ఉందంటారు. పరలోక జపం తప్పుల్లేకుండా చెప్పే పిల్లలంతా బడిలో నేర్చుకున్నవాళ్ళే. కథోలిక బడి ప్రత్యేకత సువార్త స్ఫూర్తి నిండిన వాతావరణమేనని ప్రపంచ కథోలిక బిషప్పులంతా కూర్చున్న రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విడుదల చేసిన విద్యా ప్రకటనలో ఉంది. టైమ్‌టేబుల్ నుంచి తీసేశాక 'సాయంత్రం చెప్తాం' అంటే, రెండో నెల నుంచి సాయంత్రాలు ఉండవు. స్పోర్ట్స్ డే వస్తుంది, స్లిప్ టెస్టులు వస్తాయి. ముందు ఎగిరిపోయేది క్యాటకిజమే.

హనుమకొండ_నాన్న:
మేం హిందువులం. మా ఇద్దరు పిల్లలు ఫాదర్ల బడిలోనే చదువుతున్నారు. నేనూ అలాంటి బడిలోనే చదివాను. అసెంబ్లీలో ప్రార్థన చేస్తే నాకు ఇబ్బంది లేదు. క్రిస్మస్‌కి మా చిన్నది గొల్లపిల్ల వేషం వేస్తే ఇంటిల్లిపాదీ వెళ్ళి చూశాం. నా అభ్యంతరం ఒక్కటే. ఇన్నేళ్ళలో ఏ బడీ నన్ను అడగలేదు. ఫీజు రశీదు, బస్సు ఫారం, యూనిఫాం కొలతలు అన్నిటికీ సంతకం పెట్టించుకుంటారు. మీ అమ్మాయి ప్రార్థనలో పాల్గొనడం మీకు సమ్మతమేనా అని ఒక్క లైన్ ఆ ఫారంలో ఉండదు. అడిగితే సంతోషంగా పెట్టేవాణ్ణి.

హైకోర్టు_జూనియర్:
పైనున్న అన్నగారు అడిగింది రాజ్యాంగంలోనే ఉంది. 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్నా, ప్రభుత్వ నిధులు తీసుకుంటున్నా, ఏ విద్యాసంస్థా విద్యార్థిని మతబోధకి గానీ ఆరాధనకి గానీ కూర్చోమని నిర్బంధించకూడదు. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. మాది అన్‌ఎయిడెడ్ కాబట్టి వర్తించదని కొన్ని మేనేజ్‌మెంట్లు అనుకుంటాయి. గుర్తింపు ఉంటే చాలు, వర్తిస్తుంది. 30వ అధికరణం మైనారిటీలకి బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇస్తుంది, నిజమే. అది ఈ సమ్మతి నిబంధనని కొట్టేయదు.

ఇంకో మాట. భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య కూడా 2024 ఏప్రిల్‌లో బడులకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దవద్దని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, సర్వమత ప్రార్థన గది పెట్టాలని అందులో ఉంది.

విచారణ_ఉపదేశి:
అవన్నీ భయంతో వచ్చినవి తమ్ముడూ. అదే ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట దగ్గర హనుమాన్ దీక్ష దుస్తుల విషయంలో బడి మీద పడి అద్దాలు పగలగొట్టారు కదా. దెబ్బకి భయపడి మన పాఠం మనమే మానుకోవాలా?

హైకోర్టు_జూనియర్:
మార్గదర్శకాలు నెల మొదట్లోనే వచ్చాయి, ఆ దాడి నెల మధ్యలో జరిగింది. రెండిటినీ కలపకండి. ఇక మీరు చెప్పిన 1965 అక్టోబరు 28 తేదీన వాటికన్ మహాసభ విద్యా ప్రకటన ఒక్కటే విడుదల చేయలేదు. ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనీ కథోలిక చర్చి తిరస్కరించదని చెప్పే ప్రకటన కూడా అదే రోజు వచ్చింది. ఒకటి చదివి రెండోది వదిలేస్తే ఎలా?

ఏలూరు_లెక్కల_మాస్టారు:
అందరూ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. బెల్ కొట్టాక లేచి వెళ్ళేది ఎవరో ఎలా తేలుస్తారు? అడ్మిషన్ రిజిస్టర్ చూసే కదా. ఆ రిజిస్టర్‌లో ఏముంటుందో టీచర్లందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులని చేర్చలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి కిందకి వస్తారు. దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకే తాతల కాలం నుంచి చర్చికి వస్తున్న కుటుంబాల్లో కూడా కొందరు రిజిస్టర్‌లో హిందూ అనే రాయిస్తారు. సర్టిఫికెట్ కోసం క్రైస్తవాన్ని దాచుకోవడాన్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తప్పు పట్టాక ఆ ఇళ్ళలో టెన్షన్ ఇంకా పెరిగింది. న్యాయమా అన్యాయమా అన్నది వేరే చర్చ, ఇక్కడ వద్దు.

ఇప్పుడు బెల్ కొట్టారు. అలాంటి ఇంటి పిల్లవాడు ఆదివారం పూజలో ఫాదర్‌కి సాయం చేసే పీఠ సేవకుడు, రిజిస్టర్‌లో హిందువు. లేచి వెళ్తే నలభైమంది ముందు వాళ్ళింటి గుట్టు బయటపెట్టినట్టు. కూర్చుంటే ఉపదేశిగారు అంత బాధపడుతున్న ఆ క్యాటకిజమే వాడికి అందదు. ఫాదర్ గారి ముందు లేచి, క్లాసు టీచర్ ముందు కూర్చునే పిల్లల్ని నేను చూశాను. విశ్వాసం నేర్పే పీరియడే వాళ్ళకి దాక్కోవడం నేర్పుతోంది. నేను విడదీయడాన్ని వ్యతిరేకించేది అందుకే. సాయంత్రం క్లాసుకి రిజిస్టర్ అక్కర్లేదు. రావాలనుకున్నవాడు వస్తాడు.

విచారణ_ఉపదేశి:
మాస్టారూ, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా విచారణలోనూ ఉన్నారు అలాంటి పిల్లలు. కానీ సాయంత్రం వస్తాడన్న మాట మాత్రం నమ్మను.

రిటైర్డ్_సిస్టర్:
చాలా ఏళ్ళు రెండు పీరియడ్లూ చెప్పినదాన్ని. క్లాసులో పనికొచ్చేవి చెప్తాను బాబూ.

అందరికీ కలిపి చెప్పేదైతే ఉపమానాలతో మొదలుపెట్టండి. దొంగలు కొట్టి పడేసినవాణ్ణి పరాయివాడు ఆదుకున్న మంచి సమరయుడి కథ చెప్పి 'ఇందులో నీతి ఏమిటి' అని మాత్రం అడగకండి, పిల్లలు పుస్తకంలో ఉన్న జవాబు అప్పజెప్పేస్తారు. వేషాలు కట్టించండి. దారిలో పడున్నవాణ్ణి చూసీ చూడనట్టు వెళ్ళినవాళ్ళు ఆ ఊరి పెద్దమనుషులు, గుడి మనుషులు. ఆగింది వాళ్ళు దూరం పెట్టిన జాతివాడు. మన ఊళ్ళో అయితే ఆ వేషం ఎవరికిస్తారు అని అడిగి మీరు ఊరుకోండి. మతం పేరెత్తకుండానే క్లాసు వేడెక్కుతుంది. కొంచెం ధైర్యం కావాలి, హెచ్‌ఎంకి ముందే చెప్పి పెట్టుకోండి.

రోజు చివర ఐదు నిమిషాలు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశీలన చేయించండి. ఈ రోజు ఎవరికి థాంక్స్ చెప్పాలి, ఎవర్ని నొప్పించాను, రేపు ఏం సరిచేస్తాను. కథోలిక పిల్ల యేసుతో చెప్పుకుంటుంది, ఇంకో పిల్ల తన దేవుడితో. పైకి చెప్పించకండి, నోట్సులో రాయించకండి.

ఉపవాసం మంచి పాఠం. 2026లో మన తపస్సుకాలపు తొలిరోజు విభూది బుధవారం, రంజాన్ నెల మొదలు దాదాపు ఒకేసారి వచ్చాయి. మన పిల్లల్లో శివరాత్రికి ఉన్నవాళ్ళు, అయ్యప్ప మాల వేసిన నాన్నలున్నవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళచేత ఎందుకు ఉంటారో చెప్పించండి. టీచర్ కంటే బాగా చెప్తారు.

చిన్న తరగతుల క్యాటకిజంకి మాత్రం వేరే దారి. 1954లో రోమ్‌లో సోఫియా కవల్లెట్టి, జియాన్నా గొబ్బి మాంటిస్సోరి పద్ధతి మీద ఒక క్యాటకిజం మొదలుపెట్టారు. చెక్క దొడ్డి, గొర్రెలు, కాపరి బొమ్మ. పిల్లలే వాటిని జరుపుతూ మంచి కాపరి కథ వింటారు. మెటీరియల్ విదేశాల నుంచి తెప్పించనక్కర్లేదు, కొండపల్లి కళాకారులు పొణికి కర్రతో చేసిపెడతారు. బట్టీ పట్టించే ప్రశ్న-జవాబుల కంటే ఇది మనసులో నిలుస్తుంది.

ఇక మార్కులు వద్దు. క్యాటకిజంకీ వద్దు, మోరల్ సైన్స్‌కీ వద్దు. నిజాయితీ పాఠంలో కాపీ కొట్టి ఇరవైకి పందొమ్మిది తెచ్చుకున్న పిల్లల పేపర్లు నేనే దిద్దాను.

సెమినరీ_బ్రదర్:
సిస్టర్ గారి అనుభవానికి నమస్కారం. అయినా నాకో అనుమానం. సమరయుడి కథ, ఒక శతక పద్యం, రంజాన్ ఉపవాసం అన్నీ ఒకే వరసలో పెడితే కథోలిక పిల్లవాడు మన విశ్వాసమంటే 'మంచిగా ఉండటం' అని మాత్రమే అనుకుంటాడు. మంచిగా ఉండటానికి క్రీస్తు పునరుత్థానం అక్కర్లేదు కదా. పూజలో తీసుకునే దివ్యసత్ప్రసాదం అంటే ఏమిటి, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఎందుకు? ఇవి వ్యాల్యూ ఎడ్యుకేషన్‌లో ఎక్కడా రావు. మర్యాదస్తుల్ని తయారుచేసి విశ్వాసుల్ని పోగొట్టుకుంటామేమో.

రిటైర్డ్_సిస్టర్:
సరిగ్గా అడిగావు బ్రదర్. అందుకే రెండూ వేరుగా ఉండాలంటాను. కలిపి ఉన్న పీరియడ్‌ని క్యాటకిజం అనుకోకూడదు. విడిగా ఉన్నదాన్ని నీతిపాఠంగా నీరుగార్చకూడదు. కానీ ఆ విడి క్లాసుకి పిల్లలు తమంతట తాము రావాలి. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత కొండ ఎక్కే హిందువులు ఎంతమంది! అక్కడ హాజరుపట్టీ ఉందా?

హనుమకొండ_నాన్న:
మా అమ్మ ఏటా ఎక్కుతుంది సిస్టర్ గారూ, మొక్కుంది. ఆమెని ఎవరైనా లైన్లో నిలబెట్టి ఎక్కించి ఉంటే ఎక్కేది కాదు.

గుంటూరు_టీచర్:
అందరికీ థాంక్స్. స్టాఫ్ మీటింగ్‌లో నేను పెట్టబోయేది ఇది. వారానికి రెండు పీరియడ్లలో ఒకటి అందరికీ కలిపి, సిస్టర్ గారు చెప్పిన పద్ధతిలో, మార్కులు లేకుండా. రెండోది టైమ్‌టేబుల్‌లోనే ఉంటుంది, ఉపదేశిగారి భయం నాకూ ఉంది. కానీ అప్పుడు లైబ్రరీ, డ్రాయింగ్, గేమ్స్, క్యాటకిజం నాలుగూ ఒకేసారి నడుస్తాయి, పిల్లలు ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్తారు. రిజిస్టర్ చూడం. అప్పుడు లేచి వెళ్ళేది పదిమంది కాదు, క్లాసంతా. అడ్మిషన్ ఫారంలో సమ్మతి లైన్ పెట్టమని కూడా అడుగుతాను.

ఏలూరు_లెక్కల_మాస్టారు:
బాగుంది. గేమ్స్ మాత్రం తీసేయండి మేడమ్. గేమ్స్ పెడితే క్యాటకిజంకి ఫాదర్ గారు తప్ప ఎవరూ రారు.

విచారణ_ఉపదేశి:
అదే నేనూ అనబోయాను. డ్రాయింగ్ వరకూ ఒప్పుకుంటాను.