మాల్దీవుల్లో టీచర్‌గా చేరాను, జీతం ఇంటికి పంపలేక చస్తున్నాను

లెక్కల మాస్టారు (హా ధాలు అటోల్):

అందరికీ నమస్తే. విజయవాడలో కార్పొరేట్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, అక్కడి స్టడీ అవర్లు భరించలేక ఇక్కడికొచ్చాను. పిల్లలతో ఇబ్బందేమీ లేదు, పాఠం ఇంగ్లీషులోనే, చీకటి పడకముందే రూములో ఉంటాను. బాధంతా మిగతా వాటితోనే.

కాంట్రాక్టులో నెలకు 15,000 రుఫియా (ఇక్కడి డబ్బు) అని రాశారు. ఏజెంటు దాన్ని డాలరుకు 15.42 అనే అధికారిక రేటుతో భాగించి "970 డాలర్లు సార్, ఎనభై వేలకు తగ్గదు" అన్నాడు. వచ్చి చూస్తే ఆ రేటుకు డాలరు ఇచ్చే నాథుడే లేడు. మా బ్యాంకు నెలకు 150 డాలర్లు మించి పంపనివ్వట్లేదు, బయట కొందామంటే 18 పైనే చెబుతున్నారు, 18.50 వేసుకున్నా 810 డాలర్లే. నెల్లూరులో ఇంటి లోను ఈఎంఐ ఐదో తారీఖున కట్ అవుతుంది. మా ఆవిడ ప్రతి నెలా వాళ్ల తమ్ముణ్ణి అడగాల్సి వస్తోంది, నాకు తల కొట్టేసినట్టుంది.

ఇక తిండి. సరుకుల పడవ రాజధాని మాలే నుంచి రావాలి, సముద్రం బాగోకపోతే రాదు. వచ్చినా ఉల్లి, బంగాళాదుంప, వడిలిన క్యాబేజీ. కందిపప్పు లేదు. స్టాఫ్ రూంలో ఎవరి డబ్బా తెరిచినా ట్యూనానే, నేనేమో శాకాహారిని. దానికి తోడు సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం ఇంట్లో అందరూ తీరిగ్గా ఉన్నప్పుడు నేను క్లాసులో ఉంటాను.

ఇక్కడ ఒకాయన రుఫియా తనకిస్తే మా ఆవిడ ఖాతాలో రూపాయలు వేయిస్తానంటున్నాడు, మంచి రేటే. ఒప్పుకోవచ్చా?

అడ్డూ సీనియర్:

చివరి ప్రశ్నకే ముందు చెబుతా: వద్దు సర్. మా దీవిలో కెమిస్ట్రీ సర్ ఇలాగే వేయించుకున్నారు, డబ్బు టంచనుగా పడింది కూడా. కొన్నాళ్లకు, ఆ డబ్బు వచ్చిన ఖాతా ఏదో సైబర్ మోసం కేసులో ఉందని వాళ్లావిడ ఖాతా ఫ్రీజ్ చేశారు. పిల్లల ఫీజు, ఇంటి ఖర్చులు మొత్తం అందులోనే. బ్యాంకుకెళితే పోలీసుల్ని అడగమంటారు, ఆ పోలీసులేమో ఇంకో రాష్ట్రంలో. ఆవిడ పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. పైగా లైసెన్సు లేనివాళ్ల దగ్గర డాలర్లు మార్చుకోవడం ఇక్కడా తప్పే, పట్టుబడితే పోయేది మన వీసా.

నేనైతే బ్యాంకు పంపనిచ్చేది ఏ నెలా వదలను. మిగిలిన రుఫియాను రుఫియాగానే వాడేస్తా: ఊరెళ్లే టికెట్లు మాలేలో ట్రావెల్ ఏజెంటు దగ్గర రుఫియాలోనే కొంటా, అబ్బాయి లాప్‌టాప్ కూడా ఇక్కడే కొన్నా. ధర కాస్త ఎక్కువే, కానీ 18.50 కి డాలర్లు కొనడం కంటే నయం. లోను గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని బ్యాంకును అడగండి, ఈ నెలలోనే. ప్రైవేటు స్కూలైతే రెన్యువల్ టైములో జీతంలో కొంత డాలర్లలో ఇమ్మని గట్టిగా అడగండి, సంతకం పెట్టాక ఎవరూ వినరు.

ఈ లోటు పూడ్చుకోవడానికి ట్యూషన్లు మొదలుపెడదామని అనిపిస్తుంది చూడండి, అదీ ఆలోచించి. మన వర్క్ పర్మిట్ ఆ స్కూల్లో పనికే.

మునగాకు టీచర్:

మాస్టారూ, తిండి సంగతి నాకొదిలేయండి. మీ వీధిలో ఇళ్ల వెనక ఒకసారి చూడండి, మునగ చెట్టు, కరివేపాకు ఉండి తీరతాయి, వీళ్లూ రెండూ వండుకుంటారు. మొహమాటపడకుండా అడగండి, కొమ్మ విరిచి చేతిలో పెడతారు. షాపుల్లో ఎర్ర మసూర్ పప్పు దొరుకుతుంది, అందులో మునగాకు వేసి, చింతపండు రసం పోసి, ఎండుమిర్చి తాలింపు పెట్టండి, కందిపప్పు గుర్తుకు రాదు (వస్తుంది, కానీ కొంచెమే). సీమపనస కాయ దొరికితే సన్నగా కోసి వేపుడు. పచ్చిమిర్చి మాత్రం జాగ్రత్త, ఇక్కడి బుడ్డ మిరపకాయ ఒక్కటి వేస్తే చాలు, మన గుంటూరోళ్లు కూడా నీళ్లు తాగాల్సిందే.

మే నుంచి నైరుతి గాలులు మొదలైతే పడవలు మరీ అటూ ఇటూ అవుతాయి, ఏప్రిల్‌లోనే బియ్యం, పప్పు, నూనె నిల్వ పెట్టుకోండి. రంజాన్ నెలలో పగలు టీ కొట్లు మూసేస్తారు, మనం కూడా నలుగురి ముందు నీళ్లు తాగకపోవడం మర్యాద. ఊరెళ్లి వచ్చేటప్పుడు పూజా విగ్రహాలు పెట్టెలో పెట్టకండి. మా అత్తగారు చీరల మధ్య చిన్న వినాయకుణ్ణి పెట్టిన సంగతి నాకు ఎయిర్‌పోర్టులో తెలిసింది, అక్కడే తీసేసుకున్నారు.

వెనక్కొచ్చినోడు:

నేను మధ్యలోనే వదిలేసి కరీంనగర్ వచ్చేశాను. ఒంటరివాళ్లకు, అప్పు లేనివాళ్లకు బాగానే ఉంటుంది, పని ఒత్తిడి నిజంగా తక్కువ. ఈఎంఐ ఉన్నవాళ్లకు మాత్రం ఆ 15.42 లెక్క చెప్పిన ఏజెంటే అసలు దొంగ. వాడికి ఈ సంగతి తెలియకనా? ఇంకెవరైనా బయల్దేరుతుంటే చేతికొచ్చేది ఎంతో ఇక్కడున్న టీచర్లనే అడగండి. పాస్‌పోర్టు ఎవరడిగినా దాచుకోమని ఇవ్వకండి.

లెక్కల మాస్టారు:

థాంక్సండీ. రూపాయలు వేయిస్తానన్నాయనకు వద్దని చెప్పేశాను, ముఖం మాడ్చుకున్నాడు. రేపు బ్యాంకుకు మెయిల్ పెడతా. మేడమ్, మా ఓనరమ్మ పెరట్లో మునగ చెట్టుంది, అయితే దాని కిందే కోళ్ల గూడు, వాటికి నేనంటే అస్సలు పడదు.