సమస్యాపూరణం: చదువు మానువాడె చదువరి యగు

నిర్వాహకుడు:
నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం రోజులూ పుస్తకాలు చదివే పందెం పెట్టుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఏ పుస్తకాలు తీసుకోవాలో తేలక అందరికీ ఒకటే టెన్షన్. సమస్య కూడా అక్కడినుంచే ఇస్తున్నాను. ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి:

చదువు మానువాడె చదువరి యగు

ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు). యతి, అంటే పాదం తొలి అక్షరానికీ నాలుగో గణం తొలి అక్షరానికీ పొత్తు, చ–చ. చదవడం మానేసినవాడు చదువరి ఎలా అవుతాడో మీరే తేల్చండి.

తెనాలి మాస్టారు:
వార మేడునాళ్లు వదలక చదువంగ
పొత్త మెంచి తెచ్చి పూనుకొనుచు
వాట్సపందు వచ్చు వంద సందేశాలు
చదువు మానువాడె చదువరి యగు

నిర్వాహకుడు:
మూడో పాదం చివర "సందేశాలు" అని, చదవడం మానాల్సినదాన్ని కర్మగా పెట్టి సమస్యను దానికి తగిలించేశారు. పాత ఎత్తే, కానీ మాట కొత్తది. "వాట్సపందు" చూసి ఎవరైనా నొసలు చిట్లిస్తే చిట్లించనీయండి, గణాలు చక్కగా పడ్డాయి. "పూనుకొనుచు" మాత్రం పాదం నింపడానికి వచ్చినట్టుంది మాస్టారూ.

డల్లాస్ కోడలు:
అట్ట జూచి కొన్న యైదు వందల పొత్త
మైన నేమి విసుగు మదికి గొలుప
ఏబదవ పుటకడ నింక నిర్దయతోడ
చదువు మానువాడె చదువరి యగు

తెనాలి మాస్టారు:
అయిదు వందలంటే పుటలా, రూపాయలా అమ్మా?

డల్లాస్ కోడలు:
రెండూనండీ. ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన బరువు అదనం.

నిర్వాహకుడు:
"నిర్దయతోడ" ఒక్కటే ఈ పద్యాన్ని నిలబెట్టింది. ఆ మాట తీసేస్తే మిగిలేది సలహా మాత్రమే.

తెనాలి మాస్టారు:
పద్యం బాగుంది, నీతి నాకు నచ్చలేదు. యాభై పేజీలకే మూసేస్తే వేయిపడగలు లాంటి పెద్ద నవల ఎవరు చదువుతారు?

నిర్వాహకుడు:
విశ్వనాథవారు దాన్ని ఆశువుగా చెప్పి రాయించడానికే 29 రోజులు పట్టిందంటారు. దాన్ని మనం వారంలో ముగించాలనుకోవడం ఏం న్యాయం? పందెంలో పెట్టకండి, సంక్రాంతి సెలవుల నుంచి మొదలుపెట్టి తీరిగ్గా చదవండి.

కొత్త సభ్యురాలు, వరంగల్:
మొదటిసారి రాస్తున్నానండీ, తప్పులుంటే చెప్పండి.

పెద్ద నవలలెన్నొ పేర్చి పెట్టుట కన్న
పొట్టి కథల నేరి తెచ్చుకొనుట
మేలు, పుటల లెక్క మీద పందెము వేసి
చదువు మానువాడె చదువరి యగు

నిర్వాహకుడు:
మొదటిసారంటే నమ్మబుద్ధి కావడం లేదమ్మా. రెండో పాదంలో ఒక్కచోటే యతి తప్పింది: "పొ"కి నాలుగో గణంలో "తె" కుదరదు. ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అందామన్నా ట్ట, చ్చ కలవవు. "పుచ్చుకొనుట" అనండి, పొ–పు సరిపోతుంది, భావమూ చెడదు. రెండో పాదం వాక్యాన్ని మూడో పాదంలోకి దింపి "మేలు"తో ఆపడం నాకు బాగా నచ్చింది.

తెనాలి మాస్టారు:
కథలంటున్నావు కాబట్టి అడుగుతున్నా, ఏవి తీసుకున్నావమ్మా?

కొత్త సభ్యురాలు, వరంగల్:
అమరావతి కథలు. నూరు కథలు కదా, రోజుకు పద్నాలుగు చొప్పున లెక్కేసుకున్నాను.

తెనాలి మాస్టారు:
పుటల లెక్క వద్దని పద్యం రాసి కథల లెక్క వేశావా! రోజుకు నాలుగైదు చాలు. పద్నాలుగు చదివితే రాత్రికి ఏ కథలో ఎవరున్నారో గుర్తుండదు. లెక్క కుదరాల్సిందే అంటావా, కన్యాశుల్కం పట్టుకో. 1909 నాటి రెండో కూర్పులో ఏడంకాలు, వారానికి ఏడు రోజులు. అంకాలన్నీ ఒకే నిడివి కావు, కాబట్టి పెద్ద అంకాన్ని ఆదివారానికి వచ్చేలా చూసుకో. గిరీశం మాటలు మాత్రం బయటికే చదవాలి, ఇంట్లోవాళ్లు ఏమనుకున్నా సరే.

కాకినాడ రిటైర్డ్ ఇంజనీరు:
అందరూ "మానువాడె"ను ఒకే మాటగా పట్టుకున్నారు. నేను విరిచాను.

కొమ్మ కొమ్మ కొక్క కోరిన రుచి పండు
కవిత కథయు చరిత కలవు పైన
దిగువ నిలువ కెవడు ధీరుడై యెక్కునో
చదువు మాను, వాడె చదువరి యగు

డల్లాస్ కోడలు:
అయ్యబాబోయ్! మాను అంటే చెట్టు!

తెనాలి మాస్టారు:
విరుపు అద్భుతం. ఒక్క సందేహం: ఎక్కేది మానును కదా, ద్వితీయా విభక్తి "ను" ఏదీ?

నిర్వాహకుడు:
ప్రాణం లేనివాటికి ద్వితీయ బదులు ప్రథమ వాడటం మన వ్యాకరణానికి సమ్మతమే. "అన్నం తిన్నాడు" అంటాం గానీ ప్రతిసారీ "అన్నాన్ని" అనం. చెట్టుకు ప్రాణం లేదా అని అడగకండి, వ్యాకరణం దాన్నీ జడంగానే లెక్కేస్తుంది. నా ఓటు దీనికే, సమస్యలో అక్షరం మార్చకుండా అర్థాన్ని తిరగేశారు గనక. రెండో స్థానం డల్లాస్ కోడలి "నిర్దయ"కు.

కొత్త సభ్యురాలు, వరంగల్:
"పుచ్చుకొనుట" అని దిద్దుకున్నానండీ. కన్యాశుల్కం మా ఊరి లైబ్రరీలో ఉందిగానీ మొదటి పేజీలు చిరిగిపోయాయి.

తెనాలి మాస్టారు:
పీడీఎఫ్ పంపిస్తాను. అయితే నువ్వు వాట్సప్ తెరవాలి మరి.

నిర్వాహకుడు:
వచ్చేవారం సమస్య, ఈసారి తేటగీతి:

నిదుర పోయిన చోటనే నేర్చినాడు

శనివారం రాత్రి తొమ్మిదిలోగా పూరణలు పంపండి.