బలగమంత వచ్చిండ్రు, బలగాలు వచ్చాయి

‘బలగం అంటే సైన్యం కదా, బంధువులన్న అర్థం 2023లో వచ్చిన ‘బలగం’ సినిమాతోనే పుట్టిందా?’ అని మిత్రులొకరు అడిగారు. వరంగల్ ప్రాంతపు వాడుకను దృష్టిలో పెట్టుకొని కొంత వివరంగా జవాబు రాస్తున్నాను.

ఆ అర్థం సినిమాతో పుట్టినది కాదు. ‘బంధుబలగం’ అన్న జంటమాట తెలుగువాళ్లకు చాలాకాలంగా పరిచితమే. మన దిక్కు ‘బంధు’ అన్న ముందరి పదం కూడా అక్కరలేదు. ‘ఆయనకు బలగం పెద్దది’ అంటే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, బావలు, బిడ్డలు, అల్లుండ్లు అందరూ అందులోకి వస్తారు. సైన్యం అన్న అర్థమూ తప్పు కాదు. సంస్కృతంలో ‘బలం’ అంటే సేన అని కూడా అర్థం, చతురంగబలాలన్న మాటలో ఉన్నది అదే.

నాకు విలువైనదిగా తోచేది వేరొకటి. ఈ రెండు అర్థాలనూ మాట్లాడేవాళ్లు ఎవరూ నేర్పకుండానే వ్యాకరణంతో విడదీసి పెట్టుకొన్నారు. బంధువుల గురించి చెప్పినప్పుడు పదం ఏకవచనంలోనే ఉంటుంది, క్రియ మాత్రం మనుషులకు చెల్లే బహువచనంలోకి వస్తుంది: ‘బలగమంత వచ్చిండ్రు’. పత్రికలలో పోలీసుల గురించి రాసినప్పుడు పదమే బహువచనమవుతుంది, క్రియ అమహద్వాచకానికి, అంటే మనుషులు కానివాటిని చెప్పే పదానికి, తగినట్టు మారుతుంది: ‘బలగాలు చేరుకున్నాయి’. మొదటి వాక్యంలో వచ్చినవాళ్లకు ముఖాలుంటాయి, వరుసలుంటాయి. రెండో వాక్యంలో ఎవరు వచ్చారో తెలియదు, ఎన్నో వచ్చాయని మాత్రమే తెలుస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఈ రెండో వాక్యం కేవలం పత్రికల భాషగా మిగలలేదు. నక్సలైట్ ఉద్యమం నేపథ్యంలో 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తరువాతి దశాబ్దాలలో కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలకు కూంబింగ్, ఎదురుకాల్పులు, బలగాలు అన్నవి ఒకే వార్తలో కలిసి వచ్చే మాటలయ్యాయి. ఆ కాలంలో పెరిగినవాళ్లకు ‘బలగాలు’ అన్నది వినబడగానే బూట్ల చప్పుడే ముందు గుర్తుకు రావడం సహజం. ఎల్దండి వేణు తీసిన ‘బలగం’ కథ నడిచేది కూడా ఆ సిరిసిల్ల ప్రాంతంలోనే. ఒకప్పుడు బహువచనంతో భయపెట్టిన మాటను అదే నేల మీద ఏకవచనంలో, ఇంటి మాటగా, తెర నిండా వినిపించడమే ఈ సినిమా చేసిన పెద్ద పనిగా నేను భావిస్తాను.

ఆ సినిమాలో బలగానికి నిర్వచనం ఎక్కడా చెప్పరు. ఇంటి పెద్ద చనిపోయాక మూడోనాడు పెట్టిన మెతుకును పిట్ట ముట్టదు. ఎప్పుడో విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన పంతం వల్ల దూరమైన ఆడబిడ్డ, బావ తిరిగి ఆ వాకిట్లో నిలబడవలసి వస్తుంది. అన్నిటికన్నా చివరి పాట ముఖ్యమైనది. దానిని పాడినవారు వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడిగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు. చనిపోయిన మనిషి బతుకును తలచుకొంటూ, మిగిలినవాళ్లను ఒక్కొక్కరినీ వరుసతో పిలిచి ఏడిపించి కలిపే ఆ సంప్రదాయమే ‘బలగం’ అన్న మాటకు సరైన వివరణ, నిఘంటువులోని పర్యాయపదాలు కాదు. ఇదే సినిమాలో ఊరి గురించిన పాటకు జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం పొందిన కాసర్ల శ్యామ్ కూడా మన వరంగల్ వారే కావడం సంతోషకరం.

ఆ వేసవిలో పల్లెలలో తెరలు కట్టి, ఊరంతా ఒకచోట కూర్చొని ఈ సినిమా చూశారు. ఇంటి పోరును పదిమంది మధ్య కూర్చొని చూడడం వల్ల మాట కూడా పదిమంది నోట ఒకేసారి పడింది. ఇప్పుడు కుటుంబ వాట్సాప్ గ్రూపులకు, కలయికల ఫ్లెక్సీలకు అదే పేరు కనిపిస్తున్నది. పట్నానికి వెళ్లిన పిల్లలు సిగ్గుపడకుండా ఈ మాట పలుకుతున్నారంటే నాకు నిజంగా ఆనందమే. ఒక్క బాధ మాత్రం ఉన్నది. ‘సుట్టం’ అంటే వచ్చిపోయేవాడు, ‘పాలోళ్లు’ అంటే మైల పంచుకొనేవాళ్లు. బలగం అంటే వీళ్లలో ఆపదకు నిలబడేవాళ్లు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు కనుక అన్నం వండి తెచ్చేవాళ్లు, పాడె పట్టేవాళ్లు, అప్పుల లెక్క తేలేదాకా కూర్చొనేవాళ్లు. ఫోటోలో వరుసగా నిలబడినవాళ్లందరికీ ఆ పేరు వాడుతూ పోతే ‘బంధువులు’ అన్న మాటకు ఇది మరో పేరుగా మాత్రమే మిగిలే ప్రమాదముంది.

సభ్యులను ఒకటి అడగదలచాను. మీ ఊళ్లలో పెద్దవాళ్లు వేరే కులపు ఇరుగుపొరుగును, వరుస కలుపుకొని ‘మామా’, ‘అత్తా’ అని పిలుచుకొనేవాళ్లను కూడా బలగంలో లెక్కిస్తారా, లేక రక్తసంబంధానికీ వియ్యానికీ మాత్రమే ఆ మాటను పరిమితం చేస్తారా? పరకాల, హుజూరాబాద్, మంచిర్యాల వైపు వాడుక తెలిసినవారు, విన్న వాక్యాన్ని విన్నట్టుగా, ఎవరు ఏ సందర్భంలో అన్నారో కూడా కలిపి రాయగలరని కోరుతున్నాను.