దైవావేశము అంటే పూనకమేనా?

ప్రశ్న (హన్మకొండ, సండే స్కూల్ టీచర్):
అందరికీ వందనాలు. గత ఆదివారం పిల్లలచేత బైబిలులో పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నుండి 2 తిమోతి 3:16 చదివించాను. "దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము" అన్న మాట దగ్గర ఎనిమిదో తరగతి బాబు ఒకడు ఆగి, "టీచర్, మేడారం జాతరలో శివసత్తులకు వచ్చినట్టు పౌలుకు కూడా పూనకం వచ్చిందా?" అని అడిగాడు. పిల్లలందరూ నవ్వారు గానీ నాకు జవాబు తోచలేదు. ఆవేశం అనగానే మన ఊళ్లలో ఎవరికైనా తట్టేది అదే కదా. ప్రత్యక్షత, దైవావేశము ఒకటేనా అన్నది కూడా దయచేసి తెలుపగలరు.

జవాబు (కాజీపేట, వేదాంత విద్యార్థి):
అక్కా, ముందుగా రెండో సందేహం. దేవుడు తన్ను తాను తెలియజేసుకోవడం ప్రత్యక్షత. పొదలో మోషేకు కనబడడం అటువంటిది. దానిని వ్రాసినవారికి దొరికిన దైవసహాయం దైవావేశము, వ్రాయగా మిగిలినది లేఖనము. చిక్కంతా మొదటి సందేహంలోనే ఉంది. తిమోతి పత్రికలోని గ్రీకు మాటకు "దేవుడు ఊదిన" అని అర్థం. అక్కడ చెప్పినది లేఖనం గురించే తప్ప వ్రాసేవాడు ఒళ్లు తెలియక ఊగిపోవడం గురించి కాదు. లూకా తన సువార్తను అన్నీ మొదటి నుండి విచారించి తెలుసుకుని వ్రాస్తున్నానని ఆరంభంలోనే చెప్పుకున్నాడు. పౌలైతే 1 కొరింథీ 1:16లో స్తెఫను ఇంటివారికి బాప్తిస్మమిచ్చానని గుర్తు చేసుకుని, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదంటాడు. పూనకంలో ఉన్నవాడు ఇలా తడుముకోడు. 2 పేతురు 1:21లో ప్రవచనం పలికినవారి గురించి "ప్రేరేపింపబడినవారై" అన్నచోట ఉన్న గ్రీకు క్రియే అపొస్తలుల కార్యములు 27లో గాలికి కొట్టుకుపోయిన ఓడకూ వాడారు. అయితే ఆ ఓడలో నావికులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, తాళ్లు బిగిస్తూనే ఉన్నారు. అలాగే లేఖనం వ్రాసినవారూ స్పృహతో తమ పని తాము చేశారు.

జవాబు (ఫాతిమానగర్):
మేము కతోలికులము.   ఈ విషయంలో మాత్రం ప్రొటెస్టెంటులకూ మాకూ మధ్య పెద్ద తేడా లేదు. మా సంఘ బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన 'దేయి వెర్బుమ్' అనే పత్రం ప్రకారం, దేవుడు ఎన్నుకున్న మనుష్యులు తమ శక్తిసామర్థ్యాలను వినియోగించి నిజమైన గ్రంథకర్తలుగానే వ్రాశారు. రెండవ శతాబ్దంలో ఫ్రుగియ (నేటి టర్కీలోని ప్రాంతం)లో మొంటానసు అనే క్రైస్తవ బోధకుని అనుచరులు పరవశంలో ప్రవచనాలు పలికినప్పుడు, ప్రవక్త స్పృహ తప్పి పలకడు అన్నదే వారిని కాదన్నవారి వాదనల్లో ఒకటి. కనుక ఆ బాబు ప్రశ్న కొత్తది కాదు, వాడిని కోప్పడకండి.

ప్రశ్న అడిగినవారు:
కోప్పడలేదండీ. ఇద్దరికీ కృతజ్ఞతలు. 1 కొరింథీ 1:16 ఇన్నాళ్లూ చదివి దాటిపోయిన వచనమే. వచ్చే ఆదివారం ముందు ఆ బాబు చేతనే అది చదివించి, ఆ తరువాతే తిమోతి పత్రిక తెరుస్తాను.